ఒక్క స్వరంతో కదిలిన నల్ల ఊరేగింపు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో చాలావరకు సినిమా పాటల రాగాల గురించి, పాత గ్రామఫోను రికార్డుల గురించి ఉంటాయి. ఈసారి మాత్రం ఒకే ఒక్క పాశ్చాత్య పాట మీద పలు ఊళ్ల నుంచి ఉత్తరాలు అందాయి. ఆ పాట వచ్చి ఇరవై ఏళ్లు కావస్తున్నందువల్లనో, మన పిల్లలు దానిని కొత్తగా కనుగొంటున్నందువల్లనో తెలియదు గాని, అన్నింటినీ ఒకచోట చేర్చి జవాబు చెప్పడమే సబబు అనిపించింది.

ప్రశ్న: కిందటి ఆగస్టులో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పదహారేళ్ల మనవడు పెళ్లి బ్యాండు వాళ్ల కోటులాంటి నల్ల కోటు తొడుక్కుని, దాని మీద అడ్డంగా తెల్ల పట్టీలు కుట్టించుకుని, కళ్లకు కాటుక పెట్టుకుని పాటకచేరీకి బయలుదేరాడు. కారులో పియానో మీద ఒక్క మెట్టు మోగిందో లేదో, వాడూ వాడి స్నేహితులూ ఒక్కపెట్టున కేక వేశారు. ఇంకా పాటే మొదలు కాలేదు కదరా అంటే, "అదే పాట అమ్మమ్మా" అన్నాడు. ఏమిటా పాట?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మనవడు వెళ్లింది 2025 ఆగస్టు 9న ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని మెట్‌లైఫ్ స్టేడియంలో జరిగిన 'మై కెమికల్ రొమాన్స్' బృందం కచేరీకే అయి ఉంటుందమ్మా. ఆ బృందం 2001లో అదే న్యూజెర్సీలో పుట్టింది కాబట్టి అక్కడి పిల్లలకు వాళ్లు ఇంటి మనుషుల్లాంటి వాళ్లు. మీరు కారులో విన్న పాట పేరు 'వెల్‌కమ్ టు ద బ్లాక్ పరేడ్', అంటే నల్ల ఊరేగింపుకు స్వాగతం. ఇది 2006 సెప్టెంబరులో సింగిల్‌గా విడుదలైంది. సింగిల్ అంటే ఆల్బమ్ బజారులోకి రాకముందే, వినేవాళ్ల ఆకలి పెంచడానికి విడిగా వదిలే ఒక్క పాట. మన సినిమాలకు ముందుగా ఒక పాటను వదలడం ఇప్పుడు ఆనవాయితీ అయింది కదా, అటువంటిదే.

ఇక ఆ ఒక్క మెట్టు సంగతి. పాట ఆరంభంలో పియానో మీద ఒకే ఒక్క స్వరం ఒంటరిగా మోగుతుంది. దానిని పాశ్చాత్యులు జి అంటారు. మన గాయకులైతే ఐదో శ్రుతి అంటారు. వెనుక తాళం లేదు, తోడు వాద్యం లేదు. ఆ స్వరం గాలిలో కాసేపు నిలిచి, సన్నగిల్లబోతుండగా మిగిలిన పియానో అందుకుంటుంది. కొన్ని కోట్ల పాటలలో అదే స్వరం ఉండగా, ఒక తరం మొత్తం దాన్ని వినగానే ఈ పాటనే తలుచుకోవడం విచిత్రమే. ఆ స్వరానికి ముందు ఏమీ లేకపోవడం, తర్వాత వెంటనే ఏమీ రాకపోవడం వల్లనే అది అంతగా నాటుకుపోయిందని నా అభిప్రాయం.

పియానో తర్వాత గాయకుడు గెరార్డ్ వే గొంతు తగ్గించి, చిన్నప్పుడు తండ్రి తనను ఊరేగింపు బ్యాండు చూపించడానికి పట్నానికి తీసుకువెళ్లిన సంగతి చెప్పడం మొదలుపెడతాడు. కాసేపటికి స్నేర్ డ్రమ్ము, అంటే కవాతులలో మెడకు తగిలించుకుని పుల్లలతో టకటకలాడించే సన్న డోలు, నడక తాళం అందుకుంటుంది. దాని మీదికి గిటార్లు పేర్చుకుంటూ వస్తాయి. ఇది గంభీరంగా సాగే గీతం కాబోలు అని మీరు స్థిమితపడేలోగా, దాదాపు రెండు నిమిషాల దగ్గర, కట్టు తెంచుకున్నట్టుగా వేగం మారిపోయి పంక్ పద్ధతిలో, అంటే మొరటుగా, జోరుగా వాయించే రాక్ పద్ధతిలో, పరుగెత్తుతుంది.

ఇతివృత్తం ఇదీ: ఈ పాట ఉన్న 'ద బ్లాక్ పరేడ్' ఆల్బమ్ మొత్తానికి కథానాయకుడు ఆసుపత్రి మంచం మీద చివరి ఘడియలలో ఉన్న ఒక రోగి. మనిషికి అన్నిటికన్నా ప్రియమైన జ్ఞాపకం ఏ రూపంలో ఉందో, మృత్యువు ఆ రూపంలోనే వచ్చి అతన్ని తీసుకుపోతుందని వీళ్ల ఊహ. ఆ రోగికి అటువంటి జ్ఞాపకం తండ్రి చెయ్యి పట్టుకుని చూసిన బ్యాండు మేళం. అందుకే చావు అతని దగ్గరకు బ్యాండు మేళంగా వస్తుంది. శవం ముందు డప్పు వాయిస్తూ, దారి పొడుగునా పూలు చల్లుతూ సాగనంపే మన పల్లెల వాళ్లకు ఇది నోరు వెళ్లబెట్టేంత వింత ఊహేమీ కాదు; చావుకు ఊరేగింపు ఉండాలని మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. తేడా ఒక్కటే. మన దగ్గర ఊరేగింపు పోయినవాడితో పాటు నడుస్తుంది, ఈ పాటలో పోతున్నవాడికి ఎదురొస్తుంది.

మీ మనవడి కోటు ఆ మేళం వాళ్ల కోటే. పాట వీడియో కోసం ఆ దుస్తులను రూపొందించినది కొలీన్ అట్‌వుడ్; హాలీవుడ్ సినిమాల దుస్తులకు ఆస్కార్లు అందుకున్న మనిషి. వీడియోకు దర్శకుడు శామ్యూల్ బేయర్. రోగి వేషం నటుడు లూకస్ హాస్ వేశాడు. గెరార్డ్ వే తన నల్ల జుట్టును పొట్టిగా కత్తిరించి తెల్లగా మార్చుకున్నది కూడా ఈ ఆల్బమ్ కోసమే.

మీరు అమ్మమ్మగా రాశారు కాబట్టి ఇంకొక మాట. గెరార్డ్‌కు, అదే బృందంలో బేస్ గిటార్ వాయించే తమ్ముడు మైకీకి ఎలీనా అనే అమ్మమ్మ ఉండేది. గెరార్డ్‌కు చిన్నతనంలో పాడడం, బొమ్మలు వేయడం నేర్పింది ఆవిడే. ఆవిడ పోయాక ఆ దుఃఖంలోంచి వచ్చిన పాటకు 'హెలెనా' అని పేరు పెట్టారు. మీ మనవడిని అడిగి దాన్ని కూడా వినండి.

ప్రశ్న: ఈ పాట బ్రిటన్‌లో ఒకటో స్థానానికి, అమెరికాలో తొమ్మిదో స్థానానికి చేరిందని చదివాను. సొంత దేశంలో తొమ్మిది, పరాయి దేశంలో ఒకటి ఎలా సాధ్యం? ఈ పట్టికలు దేన్ని లెక్కపెడతాయి?
— ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఆ రెండు పట్టికలూ ఒకే వస్తువును తూచవు. అందువల్ల రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం, మణుగులతో గజాలను పోల్చడం వంటిది.

బ్రిటన్ సింగిల్స్ పట్టిక అప్పట్లో అమ్మకాల లెక్క మాత్రమే. ఒక వారంలో ఎన్ని సీడీలు అమ్ముడయ్యాయి, డబ్బు చెల్లించి ఎందరు ఇంటర్నెట్ నుంచి దింపుకున్నారు, అంతే. రేడియోలో ఎన్నిసార్లు వేశారన్నది ఆ లెక్కలోకి వచ్చేది కాదు. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక ప్రకటించే హాట్ 100 పద్ధతి వేరు. అది అప్పట్లో అమ్మకాలను, రేడియో ప్రసారాలను కలిపి తూచేది; ప్రసారాలలో కూడా ఆ సమయానికి ఎందరు వింటున్నారన్న అంచనాకు విలువ ఇచ్చేది. డబ్బు పెట్టి దింపుకున్న పాటలను అది 2005 ఫిబ్రవరి నుంచి లెక్కలోకి తీసుకుంది. బ్రిటన్ అదే సంవత్సరం ఏప్రిల్ నుంచి తీసుకుంది.

ఈ తేదీలు ఎందుకు చెబుతున్నానంటే, ఈ పాట సరిగ్గా ఆ కూడలిలో వచ్చింది. 2006లో సీడీ ఇంకా చావలేదు, డౌన్‌లోడ్ ఇంకా గద్దె ఎక్కలేదు. బ్రిటన్‌లో ఆ ఏడాది మార్చిలో ఒక సడలింపు ఇచ్చారు: సీడీ దుకాణానికి రావడానికి ఒక వారం ముందు నుంచే డౌన్‌లోడ్ల బలంతో పాట పట్టికలోకి అడుగుపెట్టవచ్చు. సీడీతో పనిలేకుండా ఏ పాటనైనా లెక్కించడం 2007 జనవరి నుంచి మొదలైంది. అంటే అభిమానులు ఒకసారి కంప్యూటరులో దింపుకోవడానికి, మరొకసారి దుకాణంలో కొని అట్టపెట్టె దాచుకోవడానికి వీలున్న కాలమది. అక్టోబరు నడుమ ఈ పాట 'రేజర్‌లైట్' బృందం వారి 'అమెరికా' అనే పాటను దించి మొదటి స్థానంలో కూర్చుంది. రెండు వారాలు ఉండి, 'మెక్‌ఫ్లై' అనే కుర్రాళ్ల బృందానికి చోటు ఇచ్చింది.

మన సినిమాల మొదటి వారం వసూళ్లతో పోల్చుకుంటే ఇది మీకు ఇట్టే బోధపడుతుంది. తెల్లవారుజాము ఆటకు వరసలో నిలబడేవాడు సినిమా బాగుందని వెళ్లడు, తన హీరో సినిమా కాబట్టి వెళతాడు. బ్రిటన్‌లో ఈ బృందానికి అటువంటి అభిమానులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఆగస్టులో లండన్ హామర్‌స్మిత్‌లో కచేరీ పెట్టి, ఈ రాత్రి మై కెమికల్ రొమాన్స్ రావడం లేదు, వాళ్లకు బదులు 'ద బ్లాక్ పరేడ్' అనే బృందం వాయిస్తుందని ప్రకటించారు. జనం గోల చేశారు. తీరా నల్ల కోట్లతో వేదిక ఎక్కింది వీళ్లే. ఆల్బమ్ రావడానికి రెండు నెలల ముందే ఇంత నాటకం ఆడగలిగినవాళ్లకు, విడుదలైన వారంలో కొనేవాళ్లు కరువవుతారా?

అమెరికా తొమ్మిదో స్థానం వెనుక కథ ఇంకొకటి. అక్కడ రేడియో స్టేషన్లు ఎవరి వీధి వారిదిగా ఉంటాయి. రాక్ స్టేషన్లలో ఎంత మోగినా, పాప్ స్టేషన్లు తలుపు తీయకపోతే హాట్ 100లో పైకి పాకడం కష్టం. ఆధునిక రాక్ స్టేషన్ల ప్రసారాలను మాత్రమే లెక్కించే వేరే పట్టికలో ఈ పాటకు మొదటి స్థానమే దక్కింది. హాట్ 100లో అంతకుముందు ఈ బృందం చేరిన అత్యున్నత స్థానం 'హెలెనా'తో వచ్చిన 33. మూడు పదుల స్థానం నుంచి తొమ్మిదికి, అదీ తమ వీధి కాని వీధిలో రావడాన్ని నేను బ్రిటన్ ఒకటో స్థానం కన్నా పెద్ద విషయంగా చూస్తాను. ఒకటో స్థానం అభిమానులు కొనిపెట్టినది. తొమ్మిదో స్థానానికి అభిమానులు కానివాళ్లు కూడా చెవి ఒగ్గవలసి వచ్చింది.

ప్రశ్న: పాటకు ఒకటో స్థానం వచ్చింది కదా, ఆల్బమ్‌కు కూడా వచ్చిందా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రాలేదు. రెండు దేశాలలోనూ రెండో స్థానమే. అమెరికాలో తొలి వారం సుమారు 2,40,000 ప్రతులు అమ్ముడైనా, 'హానా మాంటానా' అనే పిల్లల టీవీ ధారావాహిక పాటల ఆల్బమ్ పైన కూర్చుంది. బ్రిటన్‌లో రాబీ విలియమ్స్ అడ్డుపడ్డాడు. మృత్యువు మీద అంత భారీగా ఊరేగింపు తీసిన ఆల్బమ్‌ను బడిపిల్లల ధారావాహిక ఓడించడం చూసి ఆ రోజులలో నవ్వుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ప్రశ్న: దీనిని ఎమో రాక్ అనడం సరైనదేనా? ఆ బృందం గాయకుడే ఆ మాటను తిట్టాడని మా మిత్రుల మధ్య వాదన.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తిట్టిన మాట నిజం. 2007లో ఒక కళాశాల పత్రికతో మాట్లాడుతూ గెరార్డ్ వే ఎమో అంటేనే చెత్త అని తీసిపారేశాడు. అయితే ఎమో చరిత్రలో ఆ పేరును తిట్టనివాళ్లను వెతకడమే కష్టం. 1985 ప్రాంతంలో వాషింగ్టన్ నగరంలో 'రైట్స్ ఆఫ్ స్ప్రింగ్', 'ఎంబ్రేస్' వంటి బృందాలు పంక్ వేగాన్ని ఉంచుకుంటూనే, ఊరి మీద కోపానికి బదులు తమ లోపలి దిగులును పాడడం మొదలుపెట్టాయి. దానికి చూసినవాళ్లు 'ఎమోషనల్ హార్డ్‌కోర్' అని పేరు పెట్టి, పొట్టిగా ఎమో చేశారు. ఎంబ్రేస్ గాయకుడు ఇయన్ మెకే ఆ మాటను వేదిక మీదే వెక్కిరించాడు. దుఃఖం లేని సంగీతం ఎక్కడ ఉంది, దుఃఖాన్నే పేరుగా తగిలిస్తే మిగిలినవాళ్లంతా రాళ్లా అన్నది వాళ్ల అభ్యంతరంలోని సారం. అది న్యాయమైన అభ్యంతరమే.

పేరు మాత్రం పోలేదు. 1994లో సియాటిల్ బృందం 'సన్నీ డే రియల్ ఎస్టేట్' తొలి ఆల్బమ్‌తో అది గొంతు తగ్గించి, రాగం పెంచుకుంది. 2002లో 'జిమ్మీ ఈట్ వరల్డ్' బృందం 'ద మిడిల్' అనే పాటతో హాట్ 100లో ఐదో స్థానానికి చేరింది. ఆపైన 'ఫాల్ అవుట్ బాయ్' ఎనిమిదికి, 'పానిక్! ఎట్ ద డిస్కో' ఏడుకు వచ్చాయి. కాబట్టి అంకెల లెక్కన చూస్తే మనం మాట్లాడుకుంటున్న పాట ఎమో విజయాలలో అగ్రస్థానంలో లేదు. అయినా ఇవాళ ఎమో అనగానే ఎవరికైనా మొదట మోగేది ఆ ఐదో శ్రుతి పియానోయే. ఆ వారం ఎందరు కొన్నారో పట్టిక చెప్పగలదు గాని, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు ఏ పాటకు కాటుక పెట్టుకుంటారో చెప్పలేదు.

సంగీతం సంగతికి వస్తే, ఈ పాటలో ఎమో కన్నా 'క్వీన్' అనే పాత బ్రిటిష్ రాక్ బృందపు ఆర్భాటమే నాకు ఎక్కువ వినిపిస్తుంది: పొరలు పొరలుగా గొంతులు, గుంపుగా పాడుకోవడానికి అనువైన పల్లవి, రంగస్థలం వాసన. నిర్మాత రాబ్ కవాలో అంతకు రెండేళ్ల ముందు 'గ్రీన్ డే' బృందంతో 'అమెరికన్ ఇడియట్' అనే కథాత్మక ఆల్బమ్ చేసి వచ్చినవాడు కాబట్టి పంక్ వాళ్ల చేత పెద్ద కథ చెప్పించడం ఆయనకు కొత్త కాదు. ఈ పాట తొలి రూపానికి 'ద ఫైవ్ ఆఫ్ అజ్ ఆర్ డయింగ్' అని పేరు ఉండేది. అంటే మా ఐదుగురం చచ్చిపోతున్నాం అని. పదేళ్ల తర్వాత, 2016లో, ఆ ముసాయిదాను కూడా విడుదల చేశారు. ఆ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వింటే మీ మిత్రుల వాదన ఎటు తేలాలో మీకే తెలుస్తుంది: ముసాయిదా ఎమో, తుది పాట ఊరేగింపు.

ప్రశ్న: ఐదు నిమిషాలు దాటిన పాటను రేడియో వాళ్లు ఎలా ఒప్పుకున్నారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పాట నిడివి ఐదు నిమిషాల పదకొండు సెకన్లు. రేడియోకు మూడున్నర నిమిషాలు ముద్దు అన్నది నిజమే గాని, రాక్ స్టేషన్లకు పొడుగు పాటలు అలవాటే. పైగా ఇది మూడు పాటలను కుట్టినట్టు ఉంటుంది కాబట్టి వినేవాడికి పొడుగు తెలియదు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నల్లబట్టలు వేసుకుని రాత్రిళ్లు ఈ చావు పాటలు వింటోంది. ఆపించాలా?
— ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: మీ భయాన్ని తేలికగా తీసుకోను. ఇదే భయం 2008లో బ్రిటన్‌ను కుదిపింది. ఒక బాలిక మరణం తర్వాత కొన్ని పత్రికలు ఈ సంగీతాన్ని ఆత్మహత్యలను నూరిపోసే మతంగా చిత్రించాయి. ఆ మే నెలలో పిల్లలు, వాళ్లలో కొందరు తల్లిదండ్రులతో కలిసి, లండన్‌లో ఒక పత్రికా కార్యాలయం ముందు నిరసన తెలిపారు. తాము ఆత్మహత్యకు వ్యతిరేకులమని బృందం కూడా స్పష్టంగా ప్రకటించింది.

మీ అమ్మాయి పక్కన కూర్చుని పాటను చివరిదాకా వినండి. మొదటి రెండు నిమిషాలు విని లేచిపోతే అది చావు పాటే. ఆ తర్వాత పరుగందుకునే పల్లవిలో చెప్పేది మాత్రం, పోయినవారి జ్ఞాపకాన్ని మోస్తూ బతికున్నవాళ్లు ముందుకు నడుస్తారని. దిగులుగా ఉన్న పిల్లకు, తన దిగులును ఎవరో గొంతెత్తి పాడడం చాలాసార్లు ఊరటే. నల్లబట్టల సంగతి వదిలేయండి.

అయితే ఆ అమ్మాయి నిద్ర, తిండి మారిపోయినా, స్నేహితులతో మాటలు మానేసినా, ఒంటి మీద గాయాలు కనిపించినా, బతకడం అనవసరం అన్న ధోరణిలో ఒక్క మాట దొర్లినా, అప్పుడు పాట గురించి చర్చ పెట్టుకుని కూర్చోవద్దు. పోట్లాడకుండా, నేరుగా, ప్రేమగా అడగండి. మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు, ఏ వేళనైనా.

ప్రశ్న: నాకు హార్మోనియం తప్ప ఏదీ రాదు. మా మనవరాళ్ల కోసం ఆ మొదటి స్వరం వాయించాలని ఉంది. సాధ్యమేనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: నిక్షేపంగా. ఒకటో శ్రుతి తెల్ల మెట్టు నుంచి తెల్ల మెట్లనే లెక్కిస్తూ పైకి వెళితే ఐదోది మీకు కావలసిన స్వరం. తారస్థాయిలో ఉన్నదాన్ని ఎంచుకోండి, మంద్రంలో పలికితే పిల్లలు గుర్తుపట్టరు. ఒక్క ఇబ్బంది ఉంది: పియానో స్వరం కొట్టిన క్షణం నుంచే క్షీణిస్తుంది, హార్మోనియం స్వరం తిత్తిలో గాలి ఉన్నంతసేపూ నిటారుగా నిలబడుతుంది. కాబట్టి తిత్తిని ఒకసారి నిండుగా ఒత్తి, మెట్టు నొక్కి, మళ్లీ ఊపకుండా చెయ్యి తీసేయండి. గాలి తగ్గే కొద్దీ స్వరం దానంతట అదే సన్నబడుతుంది. రెండో మెట్టు కోసం తొందరపడవద్దు. కేకలు ఆ మధ్యలోనే వినిపిస్తాయి.